కప్పు లేని పక్షిగూడు

ఈ వారం ఉత్తరం రాసినావిడ పేరు వేయవద్దన్నారు. ఆవిడకు ఇద్దరు పిల్లలు, అబ్బాయికి 12, అమ్మాయికి 6. భర్త స్నేహితుల కుటుంబాలతో కలిసి మొత్తం నాలుగు కుటుంబాలు ఏడాదికి రెండుసార్లు టెంట్లు కట్టుకుని బయలుదేరుతాయి. మూడు రోజులు ఆరుబయటే. మొదటిసారి సరదాకి ఒక డబ్బా కుకీలు చేసి తీసుకెళ్ళారట. అందరూ మెచ్చుకున్నారు. రెండోసారి “పిల్లల చిరుతిళ్ళు నువ్వు చూసుకుంటావుగా” అన్నారు. మూడోసారికి ఎవరూ అడగను కూడా అడగలేదు, అది ఆవిడ పనైపోయింది. పిల్లల్ని కూర్చోబెట్టి ఏదో ఒక చేతిపని చేయించడం కూడా దానికి తోడైంది.

పోయినసారి బయలుదేరే ముందు రాత్రి రెండింటిదాకా మేలుకుని ఏడు రకాలు చేశారు. అక్కడికి చేరేసరికి చాక్లెట్ బార్లు కరిగి ముద్దయ్యాయి, పాప్‌కార్న్, ఎండుద్రాక్ష కలిపిన మిశ్రమం మెత్తబడింది. సగం డబ్బాలు మూత తీయకుండానే ఇంటికి తిరిగొచ్చాయి. చేతిపనికి ఐస్‌క్రీమ్ పుల్లలతో పక్షిగూళ్ళు ఎంచుకున్నారు. జిగురు పట్టలేదు. పాప గూటి కప్పు మూడుసార్లు జారిపోయింది. పాప ఏడుపు లంకించుకుంది, ఈవిడ అందరి ముందూ గట్టిగా అరిచేశారు. పక్కనున్న ఒకావిడ “ఎందుకక్కా ఇంత టెన్షన్, నాలుగు ప్యాకెట్లు కొనేస్తే పోయేదిగా” అన్నారు. తిరుగు దారిలో భర్త “అసలు నిన్నెవరు చేయమన్నారు?” అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉందట.

మళ్ళీ మూడు వారాల్లో ప్రయాణం. మొత్తం తొమ్మిది మంది పిల్లలు, చిన్నవాడికి 3, పెద్దమ్మాయికి 13. వాళ్ళలో ఒక బాబుకి వేరుశనగ పడదని ఈ మధ్యే తెలిసింది. “తేలికగా అయిపోయే చిరుతిళ్ళు, చేతిపనులు ఓ పది చెప్పండి. లేకపోతే నా వల్ల కాదని చెప్పేయమంటారా? చెబితే ఏమనుకుంటారో! నిజానికి నాకు ఇవన్నీ చేయడం ఇష్టమే. ఆ కప్పు లేని గూడు మా అమ్మాయి బల్ల మీదే ఉంది, అందులో అరిగిపోయిన పెన్సిళ్ళు వేసుకుంటుంది. చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది” అని ముగించారు.

అమ్మా, మీ ఉత్తరంలో రెండు ముళ్ళు పెనవేసుకున్నాయి. ఒకటి పనిది, రెండోది మనుషులది. మీరు అడిగింది మొదటిదాని గురించి, బాధపడుతున్నది రెండోదాని గురించి. నేను మాత్రం పని దగ్గరే మొదలుపెడతాను. మీ పని అంత కష్టంగా ఎందుకు మారిందో తెలిస్తే మనుషులతో ఏం మాట్లాడాలో సగం దానంతటదే తేలిపోతుంది.

మీరు పది వంటకాలు అడిగారు. ఇవ్వను. పది ఇస్తే పదీ చేస్తారు, మీ ఉత్తరం చదివితే ఆ సంగతి తెలిసిపోతోంది! పోయినసారి ఏం చెడిపోయాయో ఒకసారి చూడండి. పాప్‌కార్న్ కరకరలాడాలంటే పొడిగా ఉండాలి. ఎండుద్రాక్షలో తేమ ఉంటుంది. రెండూ ఒకే డబ్బాలో రాత్రంతా ఉంటే ఆ తేమ పాప్‌కార్న్‌లోకి పోతుంది. చాక్లెట్ 30 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలుపెడుతుంది, ఎండలో నిలబెట్టిన కారులో వేడి ఎంతో మీకు తెలుసు. తెల్ల జిగురు పైపైన పట్టడానికి అరగంట, పూర్తిగా గట్టిపడటానికి దాదాపు ఒక రోజు తీసుకుంటుంది. చల్లగా, తేమగా ఉండే చోట ఇంకా ఆలస్యం. అంటే మీ చేతిలో లోపం లేదు, పాప చేతిలోనూ లేదు. ఇంట్లో బల్ల మీద చేసే పనుల్ని ఆరుబయటికి మోసుకెళ్ళారు, అంతే.

నేనైతే తయారైనవి మోసుకెళ్ళను. తయారు చేసుకునే సామాను మోసుకెళ్తాను. కలపడం, ఉండలు చుట్టడం పిల్లలే అక్కడ చేసుకుంటారు. అప్పుడు చిరుతిండే చేతిపని కూడా అవుతుంది, రెండు పనులు ఒకటవుతాయి. మీకు నిద్ర మిగులుతుంది.

ఒక్కటి దగ్గరగా చూపిస్తాను. మెత్తటి ఖర్జూరాలు ఒక 20, గింజలు తీసి. ఓట్స్ 1 కప్పు, ఇంటి దగ్గరే మూకుడులో దోరగా వేయించి చల్లార్చినవి. గుమ్మడి గింజలు అరకప్పు. కోకో పొడి 2 చెంచాలు. ఇవన్నీ వేరువేరు డబ్బాల్లో వెళ్తాయి. అక్కడ ఒక మందపాటి జిప్ సంచిలో ఖర్జూరాలు వేసి, గాలి తీసేసి మూసి, ఆరేళ్ళ పిల్ల చేతికివ్వండి. పిడికిలితో గుద్దుతుంది, మోచేత్తో నొక్కుతుంది, అవసరమైతే మీద కూర్చుంటుంది కూడా. ఖర్జూరాలు గట్టిగా ఉంటే 2 చెంచాల వేడినీళ్ళు చల్లి పది నిమిషాలు ఆగండి, వేడి తగ్గాక సంచి ఆమెకివ్వండి. ముద్దయ్యాక మిగతావి వేసి మళ్ళీ పిసకాలి. మొదట్లో ఎక్కడివక్కడే విడిగా ఉండి ఇది కలిసేది కాదనిపిస్తుంది. ఐదో నిమిషానికి సంచి పక్కలకు అంటుకోవడం మానేసి మొత్తం ఒకే ముద్దగా తిరుగుతుంది. అదే గుర్తు. తడి చేత్తో ఉండలు చుట్టడమే మిగిలింది. చిన్నవైతే ఇరవై దాకా వస్తాయి. ఒకటి పెద్దది, ఒకటి వంకర, ఒకటి చితికిపోయింది... ఉండనివ్వండి. సరిచేయడానికి చెయ్యి చాచకండి. మీకు ఇదే కష్టమని నా అనుమానం.

రెండోది పొడి మిశ్రమం. పాప్‌కార్న్ లేదా కార్న్‌ఫ్లేక్స్, గుమ్మడి లేదా పొద్దుతిరుగుడు గింజలు, ఎండుద్రాక్ష, తీపికి ఏదో ఒకటి. నాలుగు గిన్నెల్లో విడివిడిగా పెట్టి, తలో కాగితం పొట్లం ఇచ్చి, ఎవరిది వాళ్ళనే కలుపుకోమనండి. కలిపిన అరగంటలో తినేస్తారు కాబట్టి మెత్తబడే ప్రశ్నే లేదు. తీపి గిన్నె దగ్గర మాత్రం ఒక పెద్దవాళ్ళు కూర్చోవాలి, లేకపోతే మొదటి ముగ్గురితోనే అది ఖాళీ.

పాప్‌కార్న్ అక్కడే వేయించవచ్చు. మూతున్న దళసరి గిన్నెలో 2 చెంచాల నూనె, 3 గింజలు వేసి చూడండి. అవి పేలాక అరకప్పు గింజలు వేసి, మూత పెట్టి కదుపుతూ ఉండాలి. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య రెండు సెకన్ల ఎడం రాగానే దించేయాలి. గింజలో దాదాపు 14 శాతం తేమ ఉంటుంది, 180 డిగ్రీల దగ్గర ఆ ఆవిరి ఒత్తిడికి పొట్టు పగులుతుంది. పాతబడి ఎండిపోయిన గింజలు పేలకపోవడానికి కారణం ఆ తేమ లేకపోవడమే. పన్నెండేళ్ళ మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పి సెకన్లు లెక్కపెట్టే పని అప్పగించండి. వాన పడినా, చలి వేసినా పొయ్యి మాత్రం టెంటులోకి తీసుకెళ్ళవద్దు. నిప్పంటుకోవడం ఒక్కటే కాదు ప్రమాదం, వాసన కూడా రాని కార్బన్ మోనాక్సైడ్ మూసిన టెంటులో ప్రాణం తీస్తుంది. బొగ్గు ఆరిపోతోందనిపించినా అంతే.

రాత్రి నిప్పుల దగ్గరికైతే అరటిపండు. తొక్కతోనే నిలువుగా గాటు పెట్టి, చాక్లెట్ ముక్కలు దూర్చి, ఫాయిల్ చుట్టి నిప్పుల మీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి, చెంచాతో తినడమే. కరిగిపోయిన చాక్లెట్టుకి ఇంతకన్నా మంచి గతి లేదు. నేను కూడా ఒకసారి చాక్లెట్ వేసిన మిశ్రమాన్ని ఎండలో వదిలేశాను. మొత్తం ఒకటే గడ్డ. నేను తల పట్టుకు కూర్చుంటే పిల్లలు దాన్ని రాయిలా విరగ్గొట్టుకుని తిన్నారు!

చిరుతిళ్ళకి ఈ నాలుగూ చాలు. మూడు రోజులకి ఎక్కువే. కోసిన పళ్ళు, చీజ్, క్రీము ఉన్నవి ఇంటి దగ్గర్నుంచి తేవద్దు. పాడయ్యే పదార్థాలు బయట 2 గంటలకు మించి ఉండకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే 1 గంటే. పండు తినాలంటే పండుగానే తీసుకెళ్ళి అప్పటికప్పుడు కోయండి.

ఇప్పుడు ఆ బాబు సంగతి. దీని మీద మీకు ఎంపికలేమీ ఇవ్వను. వేరుశనగ “విడిగా ఇంకో డబ్బాలో” ఉంటే చాలనుకోవద్దు. తొమ్మిది మంది పిల్లలు, ఒకే గిన్నె, అవే చేతులు. ఈ మూడు రోజులూ మొత్తం గుంపుకే వేరుశనగ వద్దు. వేరుశనగ వెన్న ఉన్న బార్లు, బిస్కెట్లు కూడా వద్దు. ప్యాకెట్ల వెనక చిన్న అక్షరాలు చదవాలి. ఆ బాబు అమ్మకి ముందే ఫోన్ చేసి జీడిపప్పు, బాదం, నువ్వుల సంగతేమిటో అడగండి. నేను గింజల్లో గుమ్మడి, పొద్దుతిరుగుడు చెప్పింది అందుకే, అయినా అవి కూడా ఆవిడని అడిగాకే. మందు ఎక్కడుంటుందో, ఎలా వాడాలో ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళకి తెలిసి ఉండాలి. చేతులు సబ్బుతో కడగాలి, శానిటైజర్ రాసుకుంటే వేరుశనగ అవశేషం పోదు. మూడేళ్ళ బాబుకి పాప్‌కార్న్, పూర్తి గింజలు ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. నాలుగేళ్ళు నిండేదాకా ఆగాల్సిందే. వాడికి మెత్తని పండు ముక్క చాలు, వాడేం నొచ్చుకోడు.

చేతిపనుల్లో నాదొకటే నియమం. జిగురు వద్దు, ఆరాల్సింది వద్దు. కట్టేవి, రుద్దేవి, చుట్టేవి తీసుకోండి.

రుద్దేది అంటే ఆకు అచ్చు. రాలిన ఆకు, పల్చటి తెల్ల కాగితం, మైనపు క్రేయాన్. ఆకుని తిరగేసి ఈనెలు పైకి వచ్చేలా పెట్టాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు. క్రేయాన్ మీద చుట్టిన కాగితం ఒలిచేసి, దాన్ని పడుకోబెట్టి, పక్క వైపుతో రుద్దాలి. రెండో చేతి బొటనవేలు కాగితం మీంచి కదలకూడదు. ముందు నడి ఈనె గీతలా తేలుతుంది, తర్వాత దాని పక్కన పిల్ల ఈనెలు, చివరికి అంచు రంపపు పళ్ళు. ఆరేళ్ళ పిల్ల ఆ అంచు బయటపడే క్షణం దాకా ఊపిరి బిగబట్టి ఉంటుంది. అది చూడటానికి మీరు ఖాళీగా ఉండాలి.

చుట్టేది అంటే రెండు పుల్లల్ని కూడిక గుర్తులా కట్టి, ఉన్ని దారాన్ని ఒక్కో పుల్ల చుట్టూ ఒకసారి తిప్పుతూ పక్క పుల్లకి పోవడం. మధ్యలోంచి పలకలు పలకలుగా రంగుల చట్రం పెరుగుతుంది. మెక్సికోలోని విక్సారికా ప్రజలు చేసే దీన్ని దేవుడి కన్ను అంటారు, వాళ్ళకది పవిత్రమైనది. మన పిల్లలు నేర్చుకునేది ఆ చుట్టే పద్ధతి. వరస తప్పితే విప్పి మళ్ళీ చుట్టవచ్చు, పక్షిగూడుకి లేని సదుపాయం ఇదే.

పెద్ద పిల్లలు ఇవి చూసి పెదవి విరుస్తారు. వాళ్ళకి పారాకార్డ్ కంకణం. పారాచూట్లకు వాడిన తాడు అది, ఆ పేరు అలా వచ్చిందే. మణికట్టుకు సరిపడా అల్లడానికి రెండున్నర నుంచి మూడు మీటర్లు పడుతుంది. పదమూడేళ్ళ అమ్మాయికి ముందుగా మీరు ఒక్కరికే నేర్పండి, మిగతావాళ్ళకి తను నేర్పుతుంది. ఎవరూ ఏమీ చేయనని మొరాయిస్తే ముదురు రంగు కాగితం మీద ఆకులు, తాళంచెవులు పెట్టి పొద్దున ఎండలో వదిలేయండి. మామూలు చవక రంగు కాగితమైతేనే బాగా వెలుస్తుంది. మధ్యాహ్నానికి చుట్టూ రంగు వెలిసి, కింద నీడ ఆకారం మిగులుతుంది. పచ్చి ఆకులు, కొమ్మలు తుంచనివ్వద్దు, రాలినవి చాలు. తెలియని చెట్టు పుల్లకి తినేది గుచ్చి కాల్చనివ్వద్దు, గన్నేరులాంటివి విషం.

పని ముడి విప్పాను, మనుషుల ముడికి వద్దాం. మీ ముందు నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఈసారికి నేనేమీ చేయనని చెప్పేయడం మొదటిది. చెప్పవచ్చు, అందులో తప్పేమీ లేదు. ప్యాకెట్లు వస్తాయి, పిల్లలు సంతోషంగా తింటారు. మీరు భయపడుతున్నంతగా ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా రెండు రోజులే. కాకపోతే మీకు ఇది ఇష్టమని మీరే రాశారు. రెండో రోజు పిల్లలు విసుగుతో గంతులేస్తుంటే ఖాళీ చేతులతో కూర్చోవడం మీకు ఇంకో రకం కష్టం. అలసట మరీ ఎక్కువగా ఉంటే మాత్రం ఈ ఒక్కసారికి ఇదే ఎంచుకోండి.

రెండోది అంతా మీరే చేయడం, కానీ తగ్గించి. ఏడు రకాల బదులు రెండు. ఎవరితోనూ ఏమీ మాట్లాడనక్కర్లేదు, అదొక్కటే ఇందులో సుఖం. కానీ ఆ పని మీదే అన్న లెక్క అలాగే ఉండిపోతుంది. పై ఏడాదికి రెండు మళ్ళీ ఐదవుతాయి, పెంచేది కూడా మీరే అయి ఉంటారు.

సామాను నాలుగు కుటుంబాలకీ పంచడం మూడోది. నా మొగ్గు ఇటే, అయితే ఇది సాఫీగా జరుగుతుందని మాత్రం అనను. ఒకరు మర్చిపోతారు. ఒకరు ఓట్స్ బదులు ఇంకేదో తెస్తారు. చూడటానికి మీరు చేసినంత అందంగా ఉండదు. తొమ్మిది మంది పిల్లలకి మీతోపాటు ఇంకో పెద్దవాళ్ళు గంటసేపు కూర్చోవాలి, వాళ్ళు మీలా చేయించరు. అది చూసి ఊరుకోగలిగితేనే ఈ దారి పట్టండి. ఊరుకోలేననిపిస్తే మొదటిదే మేలు, మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ప్యాకెట్లు కొనమన్నావిడ మీద కోపం పెట్టుకోకండి. ఆవిడ అన్న సమయం బాగాలేదు, మాటలో తప్పేమీ లేదు. ప్యాకెట్ల పని ఆవిడకే ఇవ్వండి. దెప్పుతున్నట్టు కాకుండా మామూలుగా, “వదినా, రెండో రోజు సాయంత్రానికి ప్యాకెట్లు మీవి, వేరుశనగ లేనివి చూడండి” అంటే చాలు.

మీవారి మాట గురించి. “నిన్నెవరు చేయమన్నారు” అన్నది భార్య అలసిపోతే చూడలేక అన్న మాట కావచ్చు, లేదా పని కనిపించని మనిషి మాట కావచ్చు. మీ ఉత్తరాన్ని బట్టి అది ఏదో చెప్పలేను, మీరు కనిపెట్టగలరు. ఏదైనా సరే, ఆ మాటకి అర్థం అడిగితే గొడవ అవుతుంది. బదులుగా ఒక పని అడగండి. పాప్‌కార్న్ వేయించడం ఆయనది. ఆ బాబు మందు సంగతి తెలుసుకోవాల్సిన ఇద్దరిలో ఆయన ఒకరు. ప్రయాణానికి ముందు రాత్రి కాదు, ఈ ఆదివారమే అడగండి. “చూద్దాంలే” అంటే అప్పుడు ఆ మాట రెండో రకమని మీకు తెలుస్తుంది, అలాంటప్పుడు మూడో దారి వదిలేసి మొదటి దారికి వెళ్ళండి.

గుంపులో పెట్టే మెసేజ్ కోసం తల బద్దలు కొట్టుకోకండి. ఇలా పెట్టవచ్చు: “ఈసారి పిల్లలే చిరుతిళ్ళు అక్కడ చేసుకుంటారు. ఒక్కో ఇంటివారు ఒక్కో వస్తువు తెస్తే చాలు, ఎవరు ఏది తెస్తారో చెప్పండి. బాబుకి పడదు కాబట్టి ఎవరూ వేరుశనగ తేవద్దు.” క్షమాపణలూ సంజాయిషీలూ చేర్చకండి. పంపే ముందు రెండుసార్లు చదివి, పొడవైతే కోసేయండి.

ఈ లోపు ఒక సాయంత్రం మీ ఇద్దరు పిల్లలతో ఖర్జూరపు ఉండలు చేసి చూడండి, గడియారం పెట్టుకుని. 40 నిమిషాలు దాటితే అది మీ జాబితాలో ఉండకూడదు. అప్పుడే పాపతో ఆ రోజు మాట కూడా ఎత్తండి. “జిగురు ఆరలేదమ్మా, నీ తప్పు కాదు. నేను అరిచాను, అలా అరవకుండా ఉండాల్సింది.” రెండు వాక్యాలు చాలు, ఉండలు చుడుతూనే చెప్పండి.

ఆ గూటికి కప్పు పెట్టించాలని మాత్రం చూడకండి. కప్పు పెడితే పెన్సిళ్ళు ఎక్కడ వేసుకుంటుంది?